నలుగురు దిద్దిన ఒక్క పేపరు

ప్రశ్న: మా బడిలో ఎనిమిదో తరగతికి నాలుగు సెక్షన్లు, భాష చెప్పే టీచర్లం నలుగురం. మా నలుగురి పనినీ సమన్వయం చేసే బాధ్యత నాది. ఈసారి అన్ని సెక్షన్లకూ ఒకే వ్యాసం ఇచ్చాం: ‘నేను పొరపాటు చేసిన రోజు’. 20 మార్కులు. ముందే కూర్చుని రూబ్రిక్ (దేనికి ఎన్ని మార్కులు వేయాలో గడులుగా రాసుకున్న పట్టిక) కూడా తయారు చేసుకున్నాం. తీరా చూస్తే ఒక సెక్షన్ సగటు 16, ఇంకో సెక్షన్ సగటు 11. తల్లిదండ్రులు వచ్చి అడిగారు. అనుమానం వచ్చి ఒక పిల్లవాడి పేపరు జిరాక్సులు తీసి నలుగురం విడివిడిగా దిద్దాం. 9, 12, 14, 17 వచ్చాయి. దాని మీద మీటింగ్ పెడితే గంటన్నర వాదించుకుని, చివరికి మా సీనియర్ సార్ వేసిన 12కే అందరం తలూపాం. 17 వేసిన కొత్త టీచర్ ఆ రోజు నుంచి మీటింగుల్లో నోరు విప్పడం లేదు. హెడ్మాస్టర్ గారేమో ‘గొడవెందుకు, అందరివీ కలిపి సగటు వేసేయండి’ అంటున్నారు. అసలు వ్యాసానికి అందరూ ఒకేలా మార్కులు వేయడం జరిగే పనేనా? ఇప్పటికే ఇచ్చేసిన మార్కుల సంగతేమిటి?

జవాబు: టీచరు గారూ, 9కీ 17కీ మధ్య తేడా చూసి మీ స్టాఫ్ రూమ్ పరువు పోయిందని అనుకోకండి. ఈ జబ్బు చాలా పాతది. 1912లో అమెరికాలో స్టార్చ్, ఇలియట్ అనే ఇద్దరు పరిశోధకులు ఒకే ఇంగ్లీషు జవాబు పత్రాన్ని అనేక హైస్కూళ్లకు పంపి దిద్దించారు. 142 మంది దిద్దారు. అదే పేపరుకు నూటికి 64 వచ్చింది, 98 కూడా వచ్చింది. ‘భాష కాబట్టి అలా అవుతుంది, లెక్కల్లో అయితే కాదు’ అన్నవాళ్లు ఉంటారు కదా, మరుసటి ఏడాది జామెట్రీ పేపరు పంపి చూశారు. అక్కడ తేడా ఇంకా పెరిగింది.

ఇతరులతో కలవకపోవడం సరే, మనతో మనమే కలవం. 1935లో ఇంగ్లండులో హార్టాగ్, రోడ్స్ అనే ఇద్దరు ప్రచురించిన అధ్యయనంలో 14 మంది ఎగ్జామినర్లు 15 చరిత్ర పేపర్లు దిద్దారు. ఏడాది దాటాక అవే పేపర్లు మళ్లీ వాళ్లకే ఇచ్చారు. మొత్తం 210 తీర్పుల్లో 92 మారిపోయాయి. ఇది చదివినప్పుడు నాకు నవ్వు రాలేదు, ఎందుకంటే నాకూ ఇలాంటిది జరిగింది. ఒకసారి పొరపాటున ఒక వ్యాసం జిరాక్సు కూడా అదే కట్టలో కలిసిపోయింది. పొద్దున ఒరిజినల్‌కు 13 వేశాను. రాత్రి పదకొండు గంటలకు జిరాక్సుకు 9 వేశాను. టోటల్ చేస్తున్నప్పుడు ఒకే పేరు రెండుసార్లు కనిపించేదాకా నాకు తెలియలేదు. అప్పటికి నాకు పద్దెనిమిదేళ్ల సర్వీసు.

కాబట్టి మీ మొదటి ప్రశ్నకు జవాబు: అందరూ అచ్చంగా ఒకే అంకె వేయడం జరిగే పని కాదు, దానికోసం ప్రయత్నించకండి కూడా. 17 వేసినవారు ఆ పేపర్లో ఏం చూశారో అది 9 వేసినవారి కంటికి కూడా ఆనడం మాత్రం జరిగే పనే. మీ మీటింగ్ ఉన్నది అందుకు. అంకెలు ఆ తర్వాత వాటంతట అవే దగ్గరపడతాయి.

మీ నలుగురూ నాలుగు రకాలుగా ఎందుకు వేశారో నేను కొంతవరకు ఊహించగలను. 1961లో అమెరికాలో డీడరిక్ అనే పరిశోధకుడూ ఆయన సహచరులూ 300 విద్యార్థి వ్యాసాలను 53 మందితో చదివించారు. అందులో టీచర్లూ ఉన్నారు, రచయితలు, సంపాదకులు, లాయర్లు, వ్యాపార రంగం వాళ్లూ ఉన్నారు. వ్యాసాలను నాణ్యతను బట్టి తొమ్మిది కుప్పలుగా పెట్టమన్నారు. ఎలా పెట్టాలో కావాలనే చెప్పలేదు. 101 వ్యాసాలు తొమ్మిదికి తొమ్మిది కుప్పల్లోనూ కనిపించాయి! ఒకరు అడుగున పెట్టిన వ్యాసాన్ని ఇంకొకరు పైన పెట్టారన్నమాట. కానీ ఆ గందరగోళంలో ఒక వరస దొరికింది. చదివినవాళ్లు ఐదు గుంపులుగా తేలారు. ఒకరికి ఆలోచన ముఖ్యం. ఒకరికి తప్పులు లేని భాష, ఇంకొకరికి వ్యాసం అల్లిక, మరొకరికి పదాల ఎంపిక. చివరి గుంపుకు రాసినవాడి గొంతు, వాడి సొంత రుచి.

ఇప్పుడు మీ స్టాఫ్ రూమ్‌ను ఒకసారి గుర్తు చేసుకోండి. ఎవరు ఏ గుంపో మీకే తెలిసిపోతుంది.

మీ పిల్లవాడి పేపరు నేను చూడలేదు. ఇలాంటిది ఒకటి ఊహించుకోండి. ‘అద్దం పగిలింది. ఎవరూ చుడలేదు. నేను చూశాను. రాత్రి అమ్మ అన్నం పెట్టింది. తినలెదు. జ్వరమా అని నుదురు పట్టుకుంది. అప్పుడు ఏడుపొచ్చింది.’ అక్షరదోషాలున్నాయి, పేరాలు లేవు, దస్తూరి కోడి గీకినట్టు ఉంది, మొత్తం అరపేజీ. పక్కనే ఇంకో పేపరు. గుండ్రటి దస్తూరి, మార్జిన్ గీత, రెండు పేజీలు. ‘పొరపాట్లు మానవ సహజము. ప్రతి మనిషీ తన జీవితములో ఏదో ఒక పొరపాటు చేయును. పొరపాట్ల నుండి మనము ఎన్నో నేర్చుకొనవలెను.’ తప్పు ఒక్కటి లేదు. ఏ రోజో, ఏ పొరపాటో కూడా లేదు.

మొదటిదానికి 17 వేసినవారికి పిచ్చి పట్టలేదు. 9 వేసినవారు రాతిగుండె మనిషీ కాదు. మీ రూబ్రిక్ ఇద్దరినీ సమర్థించి ఉంటుంది. ‘చక్కని భావవ్యక్తీకరణ’ అని ఒక గడి ఉందనుకోండి. నుదురు పట్టుకున్న అమ్మలో ఒకరికి భావవ్యక్తీకరణ కనిపిస్తుంది. ఇంకొకరికి ఆ మాట ‘పెద్ద పెద్ద వాక్యాల్లో, మంచి పదాలతో చెప్పడం’ అని వినిపిస్తుంది. ‘సముచిత పదజాలం’ కూడా అంతే. సముచితం అంటే ఎంత ఉచితం? రూబ్రిక్ రాసుకున్నప్పుడు నలుగురూ ఒప్పుకున్నది ఆ మాటలను, వాటి అర్థాన్ని కాదు. నిజానికి ఖాళీ రూబ్రిక్ ముందు కూర్చుని అర్థం తేల్చుకోవడం ఎవరివల్లా కాదు. పిల్లల పేపర్లు ముందు పెట్టుకుంటేనే తేలుతుంది.

మీ మీటింగ్ చెడింది అక్కడ కాదు, వరసలో. గంటన్నర మాట్లాడారు, బాగానే ఉంది. కానీ ఎవరెంత వేశారో తెలిసిన తర్వాత మాట్లాడారు, అందులో పెద్దాయన అంకె కూడా తెలిశాక. ఆ తర్వాత జరిగేది చర్చలా కనిపించే బేరం. ఈసారి ఇలా చేసి చూడండి.

ఐదారు పేపర్లు చాలు. పేర్లు, సెక్షన్ తీసేసి జిరాక్సులు చేయించండి. సెక్షన్ తెలిస్తే ‘మా పిల్లవాడు’ అనే మమకారం ఎక్కడో పనిచేస్తుంది, కాదని ఎవరన్నా నేను నమ్మను. క్లాస్ ఫస్ట్ పేపరు, అట్టడుగు పేపరు తీసుకోకండి. వాటి మీద అందరూ ఏకీభవిస్తారు, సంతోషంగా ఇంటికి వెళతారు, నేర్చుకున్నది సున్నా. మధ్యలోవి తీసుకోండి. భాష బాగుండి విషయం లేనిది ఒకటి, విషయం ఉండి తప్పులు ఎక్కువ ఉన్నది ఒకటి, సగం దాకా అద్భుతంగా నడిచి చివర్లో పడిపోయింది ఒకటి, ఇచ్చిన అంశం వదిలేసి వేరేది బాగా రాసింది ఒకటి. ఓపిక ఉంటే ఒకదాన్ని టైపు చేయించి ఇవ్వండి. దస్తూరి పోగానే మనసు ఎటు తిరుగుతుందో చూడడం మంచి అనుభవం. ఒక లక్షణం చూసి మిగతావన్నీ అలాగే ఉంటాయనుకునే ఈ గుణాన్ని థార్న్‌డైక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1920లోనే పట్టుకున్నాడు. సైన్యంలో అధికారులు తమ కింది వాళ్లకు వేసిన రేటింగుల్లో చూశాడాయన. దస్తూరి విషయంలో మనమూ ఆ అధికారుల్లాంటి వాళ్లమే.

కూర్చున్నాక మొదటి పావుగంట మౌనం. ఎవరికి వారు చదివి, ఒక చీటీ మీద మార్కు రాసి, దాని కిందే ఆ మార్కుకు కారణమైన వాక్యాన్ని పేపర్లోంచి ఎత్తి రాయాలి. అభిప్రాయం వద్దు, పిల్లవాడు రాసిన వాక్యమే కావాలి. తర్వాత అందరి చీటీలూ ఒకేసారి బల్ల మీద పెట్టండి. ఒకరి తర్వాత ఒకరు చెప్పుకుంటూ పోతే మూడోవారు అప్పటికే రెండు మార్కులు సర్దేసుకుంటారు, తమకే తెలియకుండా.

అందరికంటే ఎక్కువ వేసినవారు, తక్కువ వేసినవారు ముందు మాట్లాడాలి. ఇద్దరిలో సర్వీసు తక్కువ ఉన్నవారిది మొదటి అవకాశం. సీనియర్ సార్ చివర. మాట్లాడేటప్పుడు ఒకటే షరతు, వేలు కాగితం మీద ఉండాలి. ‘మొత్తం మీద బాగుంది’, ‘ఏదో లోపించింది’, ‘ఇది ఎనిమిదో తరగతి స్థాయేనా’ లాంటి మాటలు ఎవరన్నా అంటే ‘ఏ వాక్యంలో?’ అని అడగండి. మొదటి రెండు పేపర్లకు ఇది కాస్త ఎబ్బెట్టుగా ఉంటుంది. మూడో పేపరు దగ్గరికి వచ్చేసరికి ఎవరో ఒకరు ‘ఆ వాక్యం నేను సరిగా చదవలేదు’ అంటారు. ఆ మాట వినబడిందంటే మీటింగ్ పనిచేస్తున్నట్టు.

చర్చలో తేలినదాన్ని వెంటనే రూబ్రిక్ పక్కన మామూలు మాటల్లో రాసుకోండి. ‘అక్షరదోషాలు ఎన్నున్నా భాష గడిలోనే మార్కు తగ్గించాలి, మిగతా గడుల్లో తగ్గించకూడదు’ అని. ‘పొడవుకు విడిగా మార్కు లేదు’ అని. ‘ఒక రోజు గురించి రాయమంటే నీతులు రాస్తే విషయం గడిలో సగానికి మించి రాకూడదు’ అని. వీటిలో మీరు ఏది ఒప్పుకుంటారన్నది మీ ఇష్టం. నాకైతే ఆ చివరిది చాలా ముఖ్యం. మనం చాలాకాలంగా నీతివాక్యాలకు మార్కులు వేసి వేసి పిల్లలచేత నీతివాక్యాలే రాయిస్తున్నాం. సరే, అది వేరే ఉత్తరంలో మాట్లాడుకుందాం.

ఆ ఐదారు పేపర్లూ పారేయకండి. అందరూ ఒప్పుకున్న మార్కు, దాని కారణం వెనుక రాసి మచ్చు పేపర్లుగా ఒక ఫైల్లో పెట్టండి. దిద్దేటప్పుడు ‘ఇది 14 పేపరులా ఉందా, 11 పేపరులా ఉందా’ అని పక్కన పెట్టి చూడడానికి అవే ఆధారం. నా అనుభవంలో రూబ్రిక్ కంటే ఇవే ఎక్కువ పనిచేస్తాయి. ఒక జాగ్రత్త చెప్పాలి. నేను పనిచేసిన ఒకచోట మచ్చుకు మూడూ బాగా రాసిన పేపర్లే పెట్టాం. చూడముచ్చటగా ఉన్నాయని. ఆ ఏడాది మామూలుగా రాసిన పిల్లలందరికీ మార్కులు పడిపోయాయి. 10కీ 13కీ మధ్య తేడా చూపించే పేపరు ఒక్కటీ మా దగ్గర లేదు మరి.

ఇక సీనియర్ సార్ సంగతి. మీటింగ్‌లో ‘సార్, మీరు చివర మాట్లాడండి’ అని అందరి ముందూ అనకండి, చిన్నబుచ్చుకుంటారు. ఒక రోజు ముందు ఆయన దగ్గరికి వెళ్లి, ‘సార్, మీరు మొదట చెబితే మేమందరం అదే అంటున్నాం, చిన్నవాళ్లు ఏమనుకుంటున్నారో బయటికి రావడం లేదు, ఈసారి మీరు ఆఖరున చెబుతారా’ అని అడగండి. చాలామంది పెద్దవాళ్లు దీన్ని గౌరవంగానే తీసుకుంటారు. నిజానికి గౌరవమే అది. ఆయన 12 తప్పని నేను అనడం లేదు. బహుశా ఆయనదే సరైన మార్కు. కానీ ఆయన ఎందుకు వేశారో తెలియకుండా మీరు ఒప్పుకున్నారు, కాబట్టి రేపు ఆయన లేని రోజు ఇంకో పేపరుకు అది అక్కరకు రాదు.

హెడ్మాస్టర్ గారి సగటు మాటను నేను పూర్తిగా కొట్టిపారేయను. ఇద్దరు ఒకరికొకరు చూపించుకోకుండా దిద్దిన మార్కుల సగటు, ఒక్కరు దిద్దిన మార్కు కంటే నమ్మదగినదే. పెద్ద పరీక్షల్లో ఇద్దరితో దిద్దించి, తేడా మరీ ఎక్కువైతే మూడోవారికి పంపడం అందుకే. కానీ ప్రతి పేపరూ నలుగురూ దిద్దే తీరిక మీకుందా? లేదు కదా. మరి ఒక్కరే దిద్దే రోజున సగటు దేనితో తీస్తారు? పైగా 9, 12, 14, 17 సగటు 13. ఆ పేపరు చదివిన నలుగురిలో ఎవరూ వేయని మార్కు అది. పిల్లవాడు వచ్చి ‘నాకు 13 ఎందుకు వచ్చింది సార్’ అని అడిగితే జవాబు చెప్పగలిగినవారు ఆ బడిలో ఎవరూ ఉండరు. హెడ్మాస్టర్ గారికి ఈ ఒక్క ముక్క చెప్పండి, అర్థం చేసుకుంటారు.

మీ సెక్షన్ సగటులు 16, 11 గురించి తొందరపడి ‘ఫలానావారు లిబరల్, ఫలానావారు స్ట్రిక్ట్’ అనుకోకండి. ఆ సెక్షన్లో నిజంగానే బాగా రాసేవాళ్లు ఎక్కువ ఉండొచ్చు. తేల్చుకోవడానికి సులువైన దారి ఉంది. ప్రతి సెక్షన్ కట్టలోంచి కళ్లు మూసుకుని ఐదేసి పేపర్లు తీసి, మొదటి మార్కు కనపడకుండా అన్నిటినీ ఒక్కరికే ఇవ్వండి. తేడా అలాగే ఉంటే పిల్లల్లో ఉన్నట్టు. మాయమైతే మనలో ఉన్నట్టు.

ఎంత దగ్గరగా వస్తే చాలు అంటారా? 20 మార్కుల వ్యాసానికి రెండు మార్కుల తేడా నా లెక్కలో మామూలే. నాలుగు దాటితే మూడో మనిషి చదవాలి. మూడో నాలుగో వస్తే ఇద్దరూ ఒక నిమిషం మాట్లాడుకుంటే తేలిపోతుంది. అసలు వ్యాసాన్ని 20 మెట్లుగా విడగొట్టగల కన్ను మనలో ఎవరికీ లేదని నా అనుమానం. ముందు ఐదు స్థాయుల్లో ఏ స్థాయో తేల్చుకుని, ఆ స్థాయిలో పైనా, మధ్యా, కిందా అని చూసి మార్కు వేస్తే వాదనలు సగం తగ్గుతాయి.

ఇక్కడ ఒక ఉచ్చు ఉంది, చాలా బృందాలు దీనిలో పడతాయి. మోడరేషన్, అంటే ఇలా కలిసి మార్కులు సరిచూసుకోవడం, మొదలుపెట్టిన కొన్నాళ్లకు అందరి మార్కులూ చక్కగా కలిసిపోతాయి. చూస్తే అన్నీ 12, 13, 14. గొడవ రాకుండా అందరూ మధ్యలో తలదాచుకున్నారన్నమాట. ఇద్దరూ కళ్లు మూసుకుని 13 వేసినా ‘ఏకాభిప్రాయం’ వచ్చినట్టే లెక్క. జేకబ్ కోహెన్ అనే గణాంక నిపుణుడు 1960లో ‘కప్పా’ అనే కొలమానం తెచ్చింది ఇందుకే, యాదృచ్ఛికంగా కలిసే వాటాను తీసేసి మిగిలిన ఏకీభావం ఎంతో చెప్పడానికి. మీకు ఆ సూత్రం అక్కర్లేదు. మార్కులన్నీ ఒక కాగితం మీద రాసి చూడండి చాలు. 6 లేదు, 18 లేదు అంటే మీరు కలిసింది పిల్లల రాత దగ్గర కాదు, మీ భయం దగ్గర.

మీటింగ్ అయ్యాక ఇంటికెళ్లి కట్ట విప్పినప్పుడు కూడా మార్కు జారిపోతూనే ఉంటుంది. నాలుగు నాసిరకం పేపర్ల తర్వాత వచ్చిన మామూలు పేపరు వజ్రంలా కనిపిస్తుంది. మంచిదాని వెనకాల వచ్చిన మామూలు పేపరేమో వెలవెలబోతుంది, వాడి అదృష్టం అంతే. అందుకని ప్రతి పదిహేను పేపర్లకూ ఒకసారి మచ్చు పేపరు తీసి చదవండి. పేపర్లను రోల్ నంబర్ల వరసలో దిద్దకండి, కలిపేయండి. నాలా రాత్రి పదకొండింటికి దిద్దకండి.

అసలు మార్కు వేయడమే పక్కన పెట్టే పద్ధతి కూడా ఒకటుంది. రెండు పేపర్లు పక్కపక్కన పెట్టి ‘ఏది మెరుగు?’ అని మాత్రమే అడుగుతారు. ఇలా చాలామంది చాలా జతలు చూశాక వాటన్నిటినీ లెక్కగట్టి వరస తేలుస్తారు. జతల పోలికల నుంచే కొలత తేల్చవచ్చన్న, థర్‌స్టన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1927 నాటి సిద్ధాంతం దీనికి మూలం. కంప్యూటర్ ఉంటే పెద్ద గుంపులకు బాగుంటుంది. నలుగురికి అక్కర్లేదు, కానీ చర్చ మరీ ముడిపడిపోయినప్పుడు ‘సరే, మార్కు వదిలేయండి, ఈ రెండిట్లో ఏది మెరుగు?’ అని అడిగి చూడండి. ముడి తరచు అక్కడే విడిపోతుంది.

ప్రతి పరీక్షకూ ఇదంతా చేయక్కర్లేదు. ఏడాదికి రెండుసార్లు, గంటన్నర చొప్పున, దిద్దడం మొదలుపెట్టడానికి ముందు. అయిపోయాక పెడితే ఎవరి మార్కులను వారు కాపాడుకోవడంతోనే సరిపోతుంది.

ఇక ఇప్పటికే ఇచ్చేసిన మార్కులు. అవి ఏడాది చివరి ఫలితంలో కలిసేవైతే, 16 వచ్చిన కట్టనూ 11 వచ్చిన కట్టనూ రెండిటినీ మచ్చు పేపర్లతో మళ్లీ చూడాల్సిందే. ఒక్క తక్కువ కట్టనే పెంచితే ఎక్కువ కట్టలో వచ్చినవి ఒప్పే అని ముందే తీర్పు ఇచ్చేసినట్టు. చివరి ఫలితంలో కలవనివైతే నేను ఎవరి మార్కులూ తగ్గించను. అనుమానం ఉన్నవాటిని మాత్రం మళ్లీ దిద్ది పిల్లలకు చెబుతాను. తల్లిదండ్రులకు ‘అన్నీ సరిగానే ఉన్నాయి’ అని చెప్పకండి. ‘దిద్దడంలో మా మధ్య తేడా వచ్చింది, ఫలానా తేదీలోగా మళ్లీ చూస్తున్నాం’ అని ఒక్క వాక్యం రాసి పంపండి. ముందు కాస్త మాట పడాల్సి వస్తుంది, పడండి.

ఆ 9, 12, 14, 17 పేపరును మాత్రం వచ్చే మీటింగ్‌లో మొదట పెట్టండి, ఈసారి చీటీలతో. 17 వేసిన ఆ కొత్త టీచర్‌ను ముందే కలిసి, ఆ మార్కు తెప్పించిన వాక్యం ఏదో గుర్తుపెట్టుకుని రమ్మనండి. ఆవిడ ఆ వాక్యం చదివి వినిపించేదాకా ఎవరూ అంకె ఎత్తకూడదు.